బర్గండీ ద్రాక్ష తోటల మధ్య సైకిలు: మన పల్లె దారుల అలవాటు అక్కడ సరిపోతుందా?

చంపావతి గట్టు (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి, మూడేళ్ళ క్రితం పదవీ విరమణ చేసి, ప్రస్తుతం విజయనగరంలోనే ఉంటున్నాను. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి, నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్ళి, కోవెల దగ్గర కాసేపు కూర్చొని, తిరుగు ప్రయాణంలో లోపలి ఊళ్ళ దారి పట్టి, ఎండ ముదరక ముందే ఇంటికి చేరుకోవడం అలవాటు. దారిలో ఆగడాలన్నీ కలుపుకొంటే 35, 40 కిలోమీటర్లకు మూడు గంటలకు పైగానే పడుతుంది. వేగం మీద నాకు మోజు లేదు. జాతీయ రహదారి ఎక్కవలసి వస్తే ఆ రోజు సైకిలు బయటికి తీయను.

మా అమ్మాయి ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో, దిజోన్ నగరంలో పరిశోధన చేస్తోంది. సెప్టెంబరు మొదటి వారంలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళి నెల రోజులు ఉండి వస్తాం. ఊరు దాటగానే దక్షిణంగా మైళ్ళ కొద్దీ ద్రాక్ష తోటలేననీ, వాటి మధ్య సన్నని తారు దారులు ఉంటాయనీ, వాటిలో సైకిలు తొక్కేవాళ్ళు రోజూ కనబడతారనీ అమ్మాయి చెప్పిన దగ్గర నుంచి నా మనసు ఆ తోటల్లోనే తిరుగుతోంది. అయితే పరాయి దేశంలో, కుడి పక్క నడిచే వాహనాల మధ్య, 61 ఏళ్ళ వాడు ఒంటరిగా తిరగడం క్షేమమేనా అన్నది మొదటి సందేహం. నా హైబ్రిడ్ సైకిలును విమానంలో పట్టుకుపోవాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా అన్నది రెండవది.

మూడవది అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది. నేను మద్యం ముట్టను. ఆ తోటల్లోకి వెళ్ళేవాళ్ళందరూ ద్రాక్షసారా రుచి చూడడానికే వెళతారని విన్నాను; ఆ పని లేకుండా ఊరికే తిరిగితే అక్కడి రైతులు ఏమైనా అనుకుంటారా? మన వైపు రోడ్డు మీద చోళ్ళు ఆరబోసిన చోట దిగి, సైకిలును నడిపించుకుంటూ పక్కగా పోవడం మర్యాద. అక్కడి మర్యాదలేమిటో ముందే తెలిస్తే, తెలియక తప్పు చేసే పరిస్థితి రాదు. అన్నట్టు, దారి పక్కన పండిన గుత్తి కనబడితే ఒకటి కోసుకోవచ్చునా అని కూడా అడగాలని ఉంది గానీ, అడిగితే చిన్నపిల్లాడి ప్రశ్న అంటారేమో.

నాగావళి వంతెన (శ్రీకాకుళం)

మాష్టారూ, నమస్కారం. నేను దిజోన్‌లో నాలుగేళ్ళు చదువుకొని శ్రీకాకుళం తిరిగి వచ్చినవాడిని. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు ఆ తోటల్లోనే గడిచాయి కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

దిజోన్ నుంచి దక్షిణంగా బోన్ పట్టణం దాటి సాంతెనే ఊరి దాకా, సుమారు 50, 60 కిలోమీటర్ల పొడవున, తూర్పు ముఖంగా వాలిన ఒకే ఒక గట్టు ఉంటుంది. దాని పేరు కోత్ దోర్. ఆ గట్టుకు కింద పల్లంలో డి 974 అనే పెద్ద రోడ్డు, రైలు మార్గం, వేగంగా పోయే వాహనాలూ ఉంటాయి. అది మీరు ఎక్కని జాతీయ రహదారి లాంటిదే, అటు వెళ్ళవద్దు. దానికి కాస్త ఎగువన ఊరూరినీ కలుపుతూ డి 122 అనే రోడ్డు పోతుంది, అది చాలా మటుకు నెమ్మదైన దారి. దానికీ ఎగువన తోటల లోపల ఒక కారు మాత్రమే పట్టేంత సన్నని దారులు అల్లుకుని ఉంటాయి. మీకు కావలసినవి ఇవే. మిషెలిన్ కంపెనీ రోడ్డు పటం కొనుక్కుంటే పెద్ద రోడ్లు ఎర్రగా, తరువాతివి పసుపుగా, చిన్నవి తెల్లగా కనబడతాయి. తెల్ల గీతలు పట్టుకొని పోవడమే ఆ ప్రాంతంలో సైకిలు తొక్కే వాడు నేర్చుకోవలసిన మొదటి విద్య.

ఆ సన్నని దారులు షికారు కోసం వేసినవి కావు. అవి మన పుంతలే, తారు పోసిన పుంతలు. అక్కడి భూమి మనకంటే ఎక్కువగా ముక్కలైపోయి ఉంటుంది: వూజో అనే ఊళ్ళో సన్యాసులు మొక్కలు నాటి, చుట్టూ గోడ కట్టిన తోట ఒకటి ఉన్నది, విస్తీర్ణం 50 హెక్టార్లు, సొంతదారులు మాత్రం 80 మంది దాకా ఉంటారు. వోన్-రొమానేలో ప్రపంచమంతా పేరు చెప్పుకొనే రొమానే-కొంతీ తోట రెండు హెక్టార్లు కూడా నిండదు. ఇన్ని కమతాలకు ఇంతమంది రైతులు చేరాలంటే ఇన్ని దారులు ఉండక తప్పదు. 2015లో యునెస్కో ఈ గట్టు మొత్తాన్నీ వారసత్వ జాబితాలో చేర్చినది కూడా ఈ మడుల విభజనను చూసే. కాబట్టి సైకిలు తొక్కే మనం ఆ దారుల మీద చుట్టాలం, అంతే. సెప్టెంబరులో కోతలు సాగుతూ ఉంటాయి. చెట్ల వరుసకు రెండు పక్కలా చక్రాలు పెట్టుకొని, డ్రైవరు వరుసకు పైన కూర్చునే పొడుగు కాళ్ళ ట్రాక్టర్లు దారి మీదికి వస్తాయి. అవి కనబడినప్పుడు మీరు చోళ్ళ దగ్గర చేసే పనే చేయండి: దిగి, పక్కకు జరిగి, దారి ఇవ్వండి. అంతకు మించిన మర్యాద అక్కడ ఎవరూ ఆశించరు. సారా రుచి చూడమని ఎవరూ బలవంతం చేయరు. పైగా రక్తంలో లీటరుకు అర గ్రాము ఆల్కహాలు అన్న పరిమితి అక్కడ సైకిలు వాళ్ళకు కూడా వర్తిస్తుంది కనుక, ముట్టని వారికి ఒక చింత తగ్గినట్టే.

మన వైపు ద్రాక్షను ఎత్తైన పందిళ్ళకు పాకిస్తారు కదా, అక్కడ అలా కాదు. నడుము ఎత్తు మొక్కలు, మీటరు ఎడంలో వరుసలు, హెక్టారుకు దాదాపు పది వేల మొక్కలు. అందువల్ల సైకిలు మీద కూర్చుంటే గట్టు మొత్తం, కింద సోన్ నది మైదానం వరకు, అడ్డం లేకుండా కనబడుతుంది. నీడ మాత్రం ఉండదు. రామతీర్థం దారిలో తాటిచెట్టు కింద ఆగినట్టు ఆగుదామంటే చెట్టు దొరకదు. రాతి గోడ పక్కన నిలబడడమే.

ఇక కుడి పక్క నడక. అది రెండు రోజుల్లో అలవాటవుతుంది, కానీ ఖాళీ దారిలోనే మరిచిపోతాం. ముందు వాహనం ఉంటే దాన్ని చూసి మనమూ కుడికే పోతాం. ఎవరూ లేని కూడలిలో మలుపు తిరిగినప్పుడు చేతులు తమంతట తామే ఎడమ పక్కకు లాగుతాయి. ఊళ్ళలో ఇంకొక చిక్కు ఉన్నది: వేరే గుర్తు ఏదీ లేని కూడలిలో కుడి వైపు సందులోంచి వచ్చే వాడిదే ముందు హక్కు, వాడు ఆగడు. వెనక నుంచి వచ్చే వాళ్ళు హారన్ కొట్టరు. ఊరి బయట సైకిలును దాటాలంటే మీటరున్నర ఎడం వదలాలని చట్టం. ఆ ఎడం దొరికేదాకా వెనకాలే నిశ్శబ్దంగా వస్తూ ఉంటారు. హారన్ మోతకు అలవాటు పడిన మన చెవికి కారు ఉన్న సంగతే తెలియదు. హ్యాండిలుకు చిన్న అద్దం ఒకటి తగిలించుకోండి.

నా వరకు జరిగిన ప్రమాదం ఒక్కటే, అది కూడా బ్రేకు వల్ల. మన సైకిళ్ళకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అక్కడ ఎడమచేతిది. అద్దె సైకిలు తీసుకున్న మొదటి రోజు జెవ్రే-షాంబెర్తాన్ ఊరి ఎగువ నుంచి దిగుతూ, వెనక చక్రం అనుకొని ఎడమ బ్రేకు గట్టిగా పట్టాను. వెనక చక్రం గాలిలోకి లేచింది, నేను హ్యాండిలు మీదుగా వెళ్ళి గోడ పక్కన గడ్డిలో పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. అద్దెకిచ్చిన దుకాణం వాడు ఆ మాట ముందు చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. మీరు అడగండి, ఖాళీ స్థలంలో అరగంట బ్రేకులు పట్టి చూసుకొన్న తరువాతే గట్టు ఎక్కండి.

సాలూరు ఘాటు

పై మిత్రుడు చెప్పినవన్నీ బాగున్నాయి. నేను ఫ్రాన్సు వెళ్ళలేదు, సైకిళ్ళ మరమ్మతు తెలిసినవాడిని కనుక ఆ మాట మటుకే రాస్తాను.

మాష్టారూ, నెల రోజులకు హైబ్రిడ్ సైకిలు విప్పి పెట్టెలో కట్టుకొని పోవడం దండగ అని నా అభిప్రాయం. దానికి బదులు మీ సీటు విప్పి తీసుకెళ్ళండి. నవ్వకండి; ఏళ్ళ తరబడి మీ శరీరానికి అలవాటైన సీటు అరకిలో బరువు ఉంటుంది, దాన్ని ఏ అద్దె సైకిలుకైనా పది నిమిషాల్లో బిగించవచ్చు. కొత్త సీటు మీద మూడు గంటలు కూర్చున్నవాడికి నాలుగో గంట తోట కనబడదు. పాత సీటు ఎంత ఎత్తులో ఉందో, పెడళ్ళ కాడలు తిరిగే నడిమి ఇరుసు నుంచి సీటు పై అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. లెక్కల మాష్టారు కనుక ఈ మాట మీకు నచ్చుతుందనుకుంటాను.

ట్యూబు వాల్వు చూసుకోండి. మన పాత సైకిళ్ళ వాల్వు వేరు, మోటారు సైకిలు వాల్వు వేరు, అక్కడి రోడ్డు సైకిళ్ళకు ఉండే సన్నని ప్రెస్టా వాల్వు వేరు. దాని కొసన ఉన్న చిన్న మర చేత్తో వదులు చేసి, ఒకసారి నొక్కి గాలి వదిలి, అప్పుడు పంపు పెట్టాలి. తరువాత మర్చిపోకుండా మర బిగించాలి. మర విప్పకుండా ఎంత కొట్టినా గాలి ఎక్కదు. పంక్చరు కిట్టు, ఒక విడి ట్యూబు, చేతి పంపు దగ్గర పెట్టుకోండి. టైరు 28 మిల్లీమీటర్ల కంటే సన్ననిది ఇస్తే వద్దనండి, 32 అయితే ఇంకా మేలు: కోతల కాలంలో ట్రాక్టరు చక్రాలు తెచ్చిన మట్టి తారు మీద పడి, వాన చినుకు తగిలితే సబ్బులా జారుతుంది. అది మన గరువు నేలల దారిలోనూ చూస్తున్నదే.

నాగావళి వంతెన (శ్రీకాకుళం)

సీటు మాట నిజం, నాకు తట్టలేదు. దానికి ఒక ముక్క కలుపుతాను. తోటల వెంట పోతే ఎక్కుడు దిగుడు తక్కువే, కానీ పైనున్న అడవి అంచు దాటి పడమరకు వెళితే నిటారుగా ఎక్కవలసి వస్తుంది. తేలికైన గేరు ఉన్న సైకిలే అడగండి.

ఉద్దానం కొబ్బరి (కవిటి, ప్రస్తుతం బోర్డో)

మాష్టారు గారూ, గుత్తి కోసుకోవచ్చునా అన్నది చిన్నపిల్లాడి ప్రశ్న కాదు. దానికి జవాబు మా ఉద్దానంలో ప్రతి కొబ్బరి రైతు ఇంట్లోనూ ఉన్నది.

కొబ్బరి మొవ్వు కుళ్ళినప్పుడు మేము పూసే బోర్డో పేస్టు, మైలుతుత్తం సున్నం కలిపి చేసేది, ఈ ఊరి పేరుతో వచ్చినదే. ఇక్కడికి ఉత్తరాన మెదోక్ అనే ప్రాంతంలో దారి పక్కన వరుసల నుంచి బాటసారులు పళ్ళు కోసుకుపోతున్నారని రైతులు ఆ వరుసల మీద మాత్రం మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆకులూ పళ్ళూ నీలంగా, విషం పూసినట్టు కనబడితే ఎవరూ ముట్టరని వారి ఉపాయం. 1882లో మిల్యార్దే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు అటు వెళుతూ, బూజు తెగులుకు తోటంతా ఆకు రాలుతున్నా దారి పక్కన వరుసలు మాత్రం పచ్చగా ఉండడం గమనించారు. పరీక్షలు చేసి 1885లో ఆ మిశ్రమాన్ని లోకానికి ప్రకటించారు. దారిన పోయేవాళ్ళ చేతివాటం నుంచి పుట్టిన మందు అది. కాబట్టి మాష్టారూ, గుత్తి కోయకండి; ఆ కాయ రైతుది, పైగా ఎప్పుడు ఏ మందు చల్లారో మీకు తెలియదు. ద్రాక్షరసం తాగాలనిపిస్తే కొట్లో సీసా దొరుకుతుంది.

నీళ్ళూ తిండీ గురించి ఎవరూ చెప్పలేదు. మన దారుల్లో ప్రతి ఊరి మొగలోనూ ఒక టీ బడ్డీ ఉంటుంది. ఇక్కడ పల్లెలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా కొట్లు మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం తరువాత, చాలాచోట్ల సోమవారం కూడా, ఊరు ఊరంతా తలుపులు వేసుకొని ఉంటుంది. పదకొండున్నరకే రొట్టెల దుకాణంలో రొట్టె, కాస్త చీజు కొని సంచిలో వేసుకోండి. సీసాలో నీళ్ళు అయిపోతే ఊరి శ్మశానం వెతకండి. పూలకుండీలకు నీళ్ళు పోయడానికి లోపల కొళాయి ఉంటుంది, సైకిలు వాళ్ళందరూ అక్కడే సీసా నింపుకొంటారు. మొదటిసారి నాకు మనసు ఒప్పలేదు, కాళ్ళు కడుక్కొని గానీ ఇంట్లోకి వెళ్ళని పెంపకం కదా. తరువాత దాహమే నెగ్గింది. తాగకూడని నీళ్ళయితే కొళాయి దగ్గర ‘నోన్ పొతాబ్ల్’ అని బోర్డు ఉంటుంది, అది మాత్రం చూసుకోండి.

బోర్డో వైపు రాగలిగితే పాత రైలు పట్టాల స్థానంలో వేసిన దారి ఒకటి ఉన్నది. ఊరి శివారు నుంచి సోవ్‌తెర్-ద-గ్యుయేన్ దాకా యాభై కిలోమీటర్లకు పైగా, కార్లు లేకుండా, తోటలూ అడవులూ దాటుకుంటూ పోతుంది. 1937లో తూర్ ద ఫ్రాన్స్ సైకిలు పోటీ గెలిచిన రోజె లాపెబీ పేరు దానికి పెట్టారు. ఆ పోటీలో గేర్లు మార్చే డెరైలరును మొదటిసారి అనుమతించినది ఆ ఏడాదే. మొదటిసారి వచ్చినవారికి కార్ల భయం లేని ఇలాంటి దారి మేలని నా ఉద్దేశం.

నాగావళి వంతెన (శ్రీకాకుళం)

కార్ల భయం లేకపోవడం మంచిదే, కానీ రైలు కట్ట మీద వేసిన దారి రైలు దారిలాగే ఉంటుందని నా అభిప్రాయం: తిన్నగా, చదునుగా, రెండు పక్కలా చెట్లు. తోట అక్కడక్కడ మాత్రమే కనబడుతుంది. ఆ రకం దారే కావాలంటే బోర్డో దాకా అక్కరలేదు. బర్గండీలోనే జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల పాత రైలు దారి 1997 నుంచి ఉన్నది. మాష్టారు రామతీర్థం లోపలి ఊళ్ళ దారులు ఇష్టపడేవారు, వారికి మలుపు తిరిగితే ఏముందో తెలియని దారే నచ్చుతుందని నేను అనుకుంటున్నాను. మధ్యేమార్గంగా బోన్ నుంచి సాంతెనే దాకా తోటల నడుమే గుర్తులు పెట్టి ఏర్పాటు చేసిన సైకిలు దారి ఉన్నది, సుమారు 22 కిలోమీటర్లు. పొమ్మార్, వొల్నే, మెర్సో, ప్యులిన్యి ఊళ్ళ మీదుగా పోతుంది, తప్పిపోయే భయం లేదు. మొదటి రోజు దానితో మొదలుపెట్టండి.

చంపావతి గట్టు (విజయనగరం)

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. సీటు విప్పి కొలత తీశాను, 71 సెంటీమీటర్లు. గుత్తి సంగతి మా ఆవిడకు చదివి వినిపిస్తే, మామిడితోట పక్కన మీరు చేసే పనులకు ఇక్కడ కూడా ఎవరో ఒకరు మైలుతుత్తం చల్లవలసిందే అన్నది.

మిగిలినవి రెండు సందేహాలు. అక్కడ కూడా తెల్లవారుజామున అయిదింటికే బయలుదేరవచ్చునా? మా ఆవిడ సైకిలు తొక్కదు. నేను తోటల్లో తిరుగుతుంటే ఆవిడ నాలుగు గోడల మధ్య కూర్చోవడం నాకు ఇష్టం లేదు, దానికి మార్గమేమైనా ఉన్నదా?

నాగావళి వంతెన (శ్రీకాకుళం)

అయిదింటి ప్రయాణం మరిచిపోండి మాష్టారూ. సెప్టెంబరు మధ్యలో అక్కడ సూర్యుడు ఏడు దాటితే గానీ రాడు, మైదానం మీద పొగమంచు కూడా పట్టవచ్చు. చీకట్లో గానీ మంచులో గానీ ఊరి బయట తొక్కేవాడు మెరిసే పసుపు కోటు వేసుకోవాలని అక్కడి చట్టం, ముందూ వెనకా దీపాలూ గంటా తప్పనిసరి. మనం ఎండకు భయపడి చీకట్లో వెళతాం. అక్కడ ఎండ కోసమే ఎదురుచూసి తొమ్మిదింటికి వెళ్ళాలి. చొక్కా మీద పలుచని స్వెట్టరు వేసుకోండి, పదకొండుకు విప్పేస్తారు.

అమ్మగారి సంగతికి శనివారం మంచిది. ఆ రోజు బోన్‌లో సంత జరుగుతుంది. మీరు దిజోన్ నుంచి తోటల దారిన బయలుదేరండి, నిదానంగా వెళ్ళినా, వోన్-రొమానేలో గోడ పక్కన ఆగి రొట్టె తిన్నా, మధ్యాహ్నానికి బోన్ చేరతారు. అమ్మాయీ అమ్మగారూ అరగంట లోపే రైల్లో అక్కడికి వచ్చి సంతలో తిరుగుతూ ఉంటారు. సంతకు ఎదురుగానే రంగు పెంకుల కప్పుతో పాత ధర్మాసుపత్రి ఉన్నది. 1443లో నికొలా రొలాన్ అనే మంత్రి బీదల కోసం కట్టించినది. దాతలు దానికి రాసిచ్చిన ద్రాక్ష తోటలు మన దేవుడి మాన్యాల వంటివి. ఆ తోటల సారాను ఇప్పటికీ ప్రతి నవంబరులో వేలం వేస్తారు. దాన్ని చూడడానికి రెండు గంటలు పడుతుంది, అందరూ కలిసి చూడవచ్చు. తిరుగు ప్రయాణంలో సైకిలుతో సహా మీరూ ఆ ప్రాంతీయ రైలే ఎక్కండి, సైకిళ్ళు పెట్టే చోటు ఉన్న పెట్టె తలుపు మీద సైకిలు బొమ్మ ఉంటుంది. సాయంత్రం రైళ్ళు నిండిపోతాయి, నాలుగింటి లోపే ఎక్కితే చోటు దొరుకుతుంది.